777 కొట్టినా ఫోల్డర్‌లో ఎందుకు రాస్తలేదు

తమ్మీ, నువ్వు రాసింది రెండు సార్లు చదివిన. నాకు అర్థమైంది ముందు చెప్తా, తప్పుంటే సరిచెయ్యి. మిర్యాలగూడ దిక్కు ఒక రైస్ మిల్లుకు లారవెల్‌లో (పీహెచ్‌పీతో వెబ్ అప్లికేషన్లు కట్టే ఫ్రేమ్‌వర్క్) అప్లికేషన్ చేసినవ్. వడ్ల లారీ ధర్మకాంట మీదికి ఎక్కంగనే గుమస్తా కాంట చిట్టీని ఫోన్‌తో ఫొటో తీసి, లారీ నంబరు, బరువు కొట్టి సేవ్ చేస్తడు. పాత షేర్డ్ హోస్టింగ్‌లో ఏడాది మంచిగ నడిచింది. యాసంగి వడ్లు మొదలైతున్నయని కొత్త సర్వర్ తీసుకున్నవ్: ఆల్మాలైనక్స్ 9 (రెడ్‌హ్యాట్ కుటుంబం లైనక్స్), ఎన్‌జిన్‌ఎక్స్ వెబ్ సర్వర్, పీహెచ్‌పీని నడిపించే పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎం. ఫొటోలకు వేరే డిస్క్ కలిపి దాన్ని నేరుగా స్లాష్ (అన్నిటికన్న పై ఫోల్డర్) కింద /డేటా అని పెట్టినవ్. అప్పటి నుంచి రెండు బాధలు. ఒకటి, /డేటా/చిట్టీలు ఫోల్డర్‌లోకి ఫొటో ఎక్కుతలేదు, 777 (సీహెచ్‌మాడ్ కమాండ్‌తో అందరికీ అన్ని హక్కులూ ఇచ్చుడు) కొట్టినా 'పర్మిషన్ డినైడ్' అనే అంటది. రెండోది, లారవెల్ తన లాగ్‌లు, క్యాష్ రాసుకునే స్టోరేజ్ ఫోల్డర్‌కు 777 కొడితే ఆ రోజు నడుస్తది, తెల్లారంగనే మళ్ల 500 ఎర్రర్. పొద్దుగాల లేచి 777 కొట్టుడే నీ పని అయిపోయింది. షావుకారేమో 'పాతదే మంచిగుండె' అంటున్నడు.

కమాండ్లు మన అక్షరాలలోనే రాస్తున్నా, పలికినట్టే ఇంగ్లీషులో కొట్టుకో.

నువ్వు రెండింటినీ ఒక్కటే తిప్పలు అనుకుంటున్నవ్, అందుకే రెండింటికీ ఒక్కటే మందు పోస్తున్నవ్. పైకి వచ్చే మాట ఒకటే గని లోపల అడ్డం పడేది వేరు వేరు. 'ఎంత పర్మిషన్ ఇయ్యాలె అన్నా, 755 చాలదా, 775 పెట్టాల్నా' అని అడిగినవ్. ఆ అంకెను ఇప్పటికి పక్కన పెట్టు. ముందు తెలుసుకోవాల్సింది రాసేది ఎవరు అని. అంకె దానంతట అదే తేలుతది.

సర్వర్‌లో ఏ ప్రోగ్రాం నడిచినా ఎవరో ఒక యూజర్ పేరు మీద నడుస్తది. ఉబుంటు, డెబియన్ అయితే వెబ్ పని అంతా డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా అనే యూజర్ పేరు మీద ఉంటది. నీది రెడ్‌హ్యాట్ కుటుంబం, ఇక్కడ ఒక మెలిక ఉంది. ఎన్‌జిన్‌ఎక్స్ నడిచేది ఎన్‌జిన్‌ఎక్స్ యూజర్ మీద. గని ఫైలు రాసేది ఎన్‌జిన్‌ఎక్స్ కాదు, పీహెచ్‌పీ. పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎం ప్యాకేజీతో వచ్చే డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ డాట్ కాన్ఫ్ తెరిచి చూడు, యూజర్ అన్న కాడ 'అపాచీ' అని ఉంటది. నువ్వు అపాచీ వెబ్ సర్వర్ ఎక్కియ్యనే లేదు, అయినా ఆ పేరే ఉంటది. నువ్వు పెట్టిన స్క్రీన్‌షాట్‌లో ఫోల్డర్లన్నీ ఎన్‌జిన్‌ఎక్స్ పేరు మీద ఉన్నయి. అంటే సీహెచ్‌ఓన్ (ఓనర్ పేరు మార్చుడు) చేసినవ్ గని రాయనోడి పేరుకు చేసినవ్.

మన దిక్కు పొలం పహాణీలో పట్టాదారు పేరు ఒక గడిలో, అనుభవంలో ఉన్నోడి పేరు ఇంకో గడిలో రాసేటోళ్లు కదా. రెండు పేర్లూ ఒకటైతే పంచాయితీ లేదు, వేరైతేనే అసలు కథ మొదలైతది. ఎల్‌ఎస్ -ఎల్ కొడితే నీకు పట్టాదారు కనిపిస్తడు. దున్నేటోడు ఎవరో అది చెప్పదు, దానికి పీఎస్ ఆక్స్ కొట్టి పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎం లైన్లు చూడాలె. అందులో మాస్టర్ అన్నది రూట్ (అన్ని హక్కులున్న పెద్ద యూజర్) పేరు మీద ఉంటది, దాన్ని చూసి 'రూటే కదా నడుస్తుంది, ఇంక అడ్డం ఏంది' అనుకోవద్దు. దాని కింద పూల్ అని ఉన్న లైన్లే పని చేసేవి, వాటి పేరు పట్టుకో.

పాత హోస్టింగ్‌లో ఈ బాధ ఎందుకు లేకుండె? షేర్డ్ హోస్టింగ్‌లో చాలా కాడ పీహెచ్‌పీని నీ అకౌంట్ పేరు మీదనే నడిపిస్తరు. నువ్వు ఎక్కించిన ఫైలు నీది, రాసే పీహెచ్‌పీ కూడా నువ్వే. పట్టాదారు, దున్నేటోడు ఒకడే. షావుకారు మాటలో అంత నిజం ఉంది.

ఇగ 777 ఏం చేస్తదో, ఏం చెయ్యదో చూద్దాం. 4 చదువుడు (ఆర్), 2 రాసుడు (డబ్ల్యూ), 1 నడిపించుడు (ఎక్స్), మూడు కలిస్తే 7; మూడు అంకెల గడులు వరసగా ఓనర్‌కు, గ్రూపుకు, మిగిలినోళ్లందరికీ, ఇది నీకు తెలిసిందే. ఫైలుకు సరే. ఫోల్డర్‌కు వచ్చేసరికి ఈ మూడింటి అర్థం మారుతది, అది చాలామంది పట్టించుకోరు. ఫోల్డర్‌కు 4 ఉంటే లోపల ఏమేం పేర్లున్నయో చూడొచ్చు. 2 ఉంటే లోపల కొత్త ఫైలు పుట్టించొచ్చు, ఉన్నదాన్ని తీసెయ్యొచ్చు, పేరు మార్చొచ్చు. 1 ఉంటేనే ఆ ఫోల్డర్ దాటి లోపలికి అడుగు పెట్టొచ్చు. ఆ 1 లేకుంటే 2 ఉన్నా పనికి రాదు. ఇంకోటి, ఫైలును తీసెయ్యాలంటే ఆ ఫైలు మీద హక్కు అక్కర లేదు, అది ఉన్న ఫోల్డర్ మీద రాసే హక్కు ఉంటే చాలు. 'నా ఫైలుకు 444 పెట్టిన, అయినా ఎట్ల పోయింది' అని లబోదిబోమనేటోళ్లు దీని దగ్గరనే దెబ్బ తింటరు.

లైనక్స్ చూసే వరస కూడా గుర్తు పెట్టుకో. నువ్వు ఓనరైతే ఓనర్ గడి మాత్రమే చూస్తది, అక్కడ లేకుంటే అక్కడనే ఆపుతది. గ్రూపుకు ఉందా, అందరికీ ఉందా అని కిందికి పోదు.

పాత్‌లో, అంటే ఫైలు దాక పోయే దారిలో, ఉన్న ప్రతి ఫోల్డర్‌కూ ఆ అడుగు పెట్టే హక్కు కావాలె. సందూక మూత బార్లా తీసి పెట్టి, వాకిలి దర్వాజకు బీగం వేసుకుంటే లోపలి సామాను ఎవరికి అందుతది? చాలామంది అప్లికేషన్‌ను హోమ్ ఫోల్డర్ కింద పెట్టి లోపలిదానికి 777 కొడ్తరు. రెడ్‌హ్యాట్ కుటుంబంలో హోమ్ ఫోల్డర్ 700 తోనే పుడుతది. ఉబుంటులో కూడా 21.04 నుంచి 750 చేసిండ్రు, అంతకుముందు 755 ఉండె. అందుకే పాత వీడియోలు చూసి చేసేటోళ్లకు కొత్త ఉబుంటులో పని చెయ్యదు, ఎందుకో అర్థం కాదు. దీనికి మంచి కమాండ్ ఉంది: నేమ్ఐ -ఎల్, పక్కన పూర్తి పాత్. పై నుంచి కిందిదాక ఒక్కొక్క మెట్టుకు ఎవరి పేరు, ఎంత హక్కు అని వరసగా చూపెడ్తది. నీ /డేటా/చిట్టీలు మీద కొడితే ఏ మెట్టులోనూ అడ్డం కనిపించదనే నా అంచనా. నువ్వు పైనుంచి కిందిదాక 777 కొట్టి పెట్టినవ్ కాబట్టి.

మరి అయినా ఎందుకు డినైడ్? ఇప్పుడు ఒక పని చెయ్యి. సుడో -యూ అపాచీ టచ్, పక్కన /డేటా/చిట్టీలు/పరీక్ష అని కొట్టు, అంటే అపాచీ పేరు మీద ఒక ఖాళీ ఫైలు పుట్టియ్యమని. ఫైలు పుడుతది, ఎర్రర్ రాదు. అదే అపాచీ యూజర్, అదే ఫోల్డర్. నీ టెర్మినల్ నుంచి రాస్తది, వెబ్ నుంచి రాయదు. ఈ తేడా కనిపించిందంటే మామూలు పర్మిషన్లను మర్చిపో. అడ్డం పడ్డది ఎస్ఈలైనక్స్.

పర్మిషన్లు చూసినంక ఇది రెండో చెక్‌పోస్ట్ అనుకో. మొదటి చెక్‌పోస్ట్ మనిషి పేరు చూస్తది. ఈ రెండోది పేరు చూడదు, ఏ ప్రోగ్రాం ఎటువంటి ఫోల్డర్‌ను ముట్టుకుంటుంది అన్నదే చూస్తది. ప్రతి ప్రోగ్రాంకు ఒక ముద్ర, ప్రతి ఫైలుకు ఒక ముద్ర. వెబ్ నుంచి నడిచే పీహెచ్‌పీకి హెచ్‌టీటీపీడీ_టీ అని ముద్ర ఉంటది. అది ఏ ముద్ర ఉన్న ఫోల్డర్‌లో రాయొచ్చో పాలసీలో రాసి ఉంటది. నువ్వు టెర్మినల్‌లో సుడోతో కొట్టినప్పుడు యూజర్ అపాచీ అయినా ముద్ర హెచ్‌టీటీపీడీ_టీ కాదు, అందుకే వదిలేసింది. సుడో -యూ పరీక్ష చేసి 'పర్మిషన్ మంచిగనే ఉంది, కోడ్‌లోనే తప్పుంది' అని రెండు రోజులు కోడ్ తవ్వేటోళ్లను చూసిన. నేనూ అందులో ఒకడినే.

రుజువు కావాలంటే గుమస్తాతో ఒక ఫొటో ఎక్కించమను, అది ఫెయిలైన వెంటనే ఏయూసెర్చ్ -ఎం ఏవీసీ -టీఎస్ రీసెంట్ కొట్టు. ఒక పొడుగు లైన్ వస్తది, చూస్తే భయమైతది గని అందులో నాలుగు ముక్కలే చదవాలె. 'డినైడ్' పక్కన బ్రాకెట్లో 'రైట్' అని ఉంటది: ఏం చెయ్యబోయిందో అది. 'కామ్' అన్న కాడ పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎం: చేసింది ఎవరో అది. 'ఎస్‌కాంటెక్స్ట్'లో హెచ్‌టీటీపీడీ_టీ. 'టీకాంటెక్స్ట్'లో, నీ విషయంలో, అన్‌లేబుల్డ్_టీ గానీ డిఫాల్ట్_టీ గానీ ఉంటది. కొత్త డిస్క్‌ను ఫార్మాట్ చేసి స్లాష్ కింద కొత్త పేరుతో తగిలించినవ్, దాని మీద వెబ్‌కు సంబంధించిన ముద్ర ఎవరూ వెయ్యలేదు. ఎల్‌ఎస్ -ఎల్‌డీజెడ్ /డేటా కొట్టినా అదే కనిపిస్తది. 777 ఈ ముద్రను ముట్టుకోనే ముట్టుకోదు. 777 కాదు, ఇంకేది కొట్టినా అంతే.

స్టోరేజ్ ఫోల్డర్‌కు నువ్వు ఇన్‌స్టాల్ చేసేటప్పుడే ఏదో గైడ్ చూసి, ఏ ఫోల్డర్‌కు ఏ ముద్ర అని చెప్పే సెమానేజ్ లైన్ కొట్టిన అన్నవ్. అందుకే అది ఆ రోజన్నా నడుస్తుంది. ఫొటోల డిస్క్ తర్వాత వచ్చింది, దానికి ఆ లైన్ కొట్టలేదు. ఆ డిస్క్‌లో ఫొటోలు తప్ప ఇంకేం లేవు కాబట్టి మొత్తం దానికే ముద్ర వేద్దాం: సెమానేజ్ ఎఫ్‌కాంటెక్స్ట్ -ఏ -టీ హెచ్‌టీటీపీడీ_సిస్_ఆర్‌డబ్ల్యూ_కంటెంట్_టీ, ఆ తర్వాత కోట్స్ మధ్యల /డేటా, దానికి అతుక్కొని బ్రాకెట్లో స్లాష్, డాట్, స్టార్, బ్రాకెట్ బయట ప్రశ్న గుర్తు. ఇది రిజిస్టర్‌లో రాసుకున్నట్టు మాత్రమే. అసలు ముద్ర పడేది రీస్టోర్‌కాన్ -ఆర్‌వీ /డేటా కొట్టినప్పుడు. చాలామంది మొదటిది కొట్టి రెండోది మర్చిపోయి 'చేసినా కాలేదు' అంటరు. సెమానేజ్ కమాండే దొరకలేదంటే పాలసీకోర్‌యుటిల్స్-పైథాన్-యుటిల్స్ ప్యాకేజీ ఎక్కించుకో.

ముద్రను నేరుగా మార్చే సీహెచ్‌కాన్‌తో ఒక్క దెబ్బకు అయితది అని ఎవరన్నా చెప్తరు. అయితది. గని రిజిస్టర్‌లో ఎక్కదు, రేపు ఎవరన్నా రీస్టోర్‌కాన్ కొడితే ముద్ర పోయి మళ్ల మొదటికొస్తది. ఇంకొకటి: నీ హోమ్‌లో పాత ఫొటోలున్నయి కదా, వాటిని ఇక్కడికి తెచ్చేటప్పుడు ఎంవీ (జరుపుడు) కొట్టకు, సీపీ (కాపీ) కొట్టు. ఎంవీ చేస్తే హోమ్ ముద్రను వెంటేసుకొని వస్తది, సీపీ చేస్తే కొత్త కాడి ముద్ర పడ్తది. ఎంవీ చేసే ఉంటే ఇంకోసారి రీస్టోర్‌కాన్ కొట్టు, అయిపాయె.

ఎస్ఈలైనక్స్‌ను కొద్దిసేపు ఆపేటందుకు సెట్‌ఎన్‌ఫోర్స్ 0 కొట్టి రెండు నిమిషాలు చూసి, నడిచిందంటే ఇదే కారణమని తేల్చుకొని, వెంటనే సెట్‌ఎన్‌ఫోర్స్ 1 కొట్టుడు తప్పు కాదు. నేనూ చేస్త. అట్లనే వదిలేసుడు, కాన్ఫిగ్‌లో డిసేబుల్ అని రాసుడు మాత్రం వద్దు. యూట్యూబ్‌లో సగం మంది వీడియో మొదట్లనే దాన్ని ఆపేయిస్తరు, నాకది నచ్చదు. ఫొటోలు తీసుకునే అప్లికేషన్ నీది. ఎవడన్నా ఫొటో పేరుతో ఇంకేదన్నా ఎక్కిస్తే, అది సర్వర్ మొత్తం తిరగకుండ ఆపేది ఆ చెక్‌పోస్టే.

ఇప్పుడు రెండో బాధ, రోజూ తెల్లారంగనే వచ్చేది. నీ పోస్ట్‌లో ఒక ముక్క ఉంది, నువ్వు దాన్ని పట్టించుకోలేదు గని నాకు అదే దొరికింది. 'రాత్రి ఒంటి గంటకు, నాలుగింటికి వచ్చిన లారీలు ఎక్కినయి, ఆరింటికి వచ్చిన లారీ ఎక్కలేదు' అన్నవ్. అర్ధరాత్రి రోజు మారినప్పుడు పాడైతే ఒంటి గంట లారీ కూడా ఎక్కొద్దు. మరి నాలుగుకూ ఆరుకూ మధ్యల ఏమైంది? ఐదున్నర అయింది. మన టైమ్ గ్రీన్‌విచ్‌కు ఐదున్నర గంటలు ముందు. లారవెల్‌లో టైమ్‌జోన్ మార్చకుంటే యూటీసీ, అంటే ఆ గ్రీన్‌విచ్ టైమే, ఉంటది. అంటే నీ అప్లికేషన్‌కు కొత్త రోజు మన పొద్దుగాల ఐదున్నరకు మొదలైతది. నువ్వు లాగ్‌ను (అప్లికేషన్ జరిగింది రాసుకునే ఫైలు) డైలీ అని పెట్టినవ్, కాబట్టి ఆ నిమిషానికి కొత్త తేదీతో కొత్త లాగ్ ఫైలు పుట్టాలె.

ఎవరు పుట్టిస్తరు? ఎవరు ముందు రాస్తే వాళ్లు. టైమ్ ప్రకారం పనులు నడిపించే నీ క్రాన్ రూట్ పేరు మీద ఉంది, నిమిషానికోసారి షెడ్యూల్ రన్ కొడ్తది, అందులో షావుకారుకు లెక్క పంపే పని ఒక లైన్ లాగ్ రాస్తది. ఐదున్నరకు మిల్లు కాడ ఎవరూ ఫోన్ ముట్టుకోరు, క్రాన్ మాత్రం నిద్రపోదు. లాగ్ ఫోల్డర్‌లో ఎల్‌ఎస్ -ఎల్ కొడితే ఇట్ల కనిపిస్తది చూడు: నిన్నటి ఫైలుకు మూడు గడులలోనూ ఆర్‌డబ్ల్యూఎక్స్, పేరు రూట్ రూట్. ఇయ్యాల్టి ఫైలుకు ఓనర్ గడిలో ఆర్‌డబ్ల్యూ, మిగిలిన రెండింట్లో ఒట్టి ఆర్, పేరు రూట్ రూట్. నువ్వు 777 కొట్టింది నిన్నటి ఫైలుకు. ఇయ్యాల్టి ఫైలు అప్పటికి పుట్టనే లేదు. సీహెచ్‌మాడ్ ఉన్నవాటికే పని చేస్తది, పుట్టబోయేవాటికి కాదు. అవి ఎట్ల పుట్టాలన్నది పుట్టించేటోడి యూమాస్క్ చెప్తది, రూట్‌కు అది మామూలుగా 022, అంటే ఫైలు 644. ఆరింటికి లారీ రాంగనే అపాచీ పేరు మీద నడిచే పీహెచ్‌పీ ఆ ఫైలు చివర ఒక లైన్ చేర్చబోతది, రూట్ ఫైలు రానియ్యదు, లాగ్ రాయలేక మొత్తం రిక్వెస్టే 500 తో పడిపోతది. చిట్టీకి, లాగ్‌కు సంబంధం లేదు, అయినా చిట్టీ ఎక్కదు.

మందు: రూట్ క్రాన్‌టాబ్‌లోంచి ఆ లైన్ తీసెయ్యి, క్రాన్‌టాబ్ -యూ అపాచీ -ఈ కొట్టి అదే లైన్ అక్కడ పెట్టు. అపాచీ యూజర్‌కు లాగిన్ లేదు కదా అని డౌట్ వద్దు, క్రాన్ తన షెల్ తనే పెట్టుకుంటది, నడుస్తది. సూపర్‌వైజర్ (ప్రోగ్రాంలు ఆగకుండ చూసే టూల్) కింద క్యూ వర్కర్ (వెనక పనులు చేసేది) నడిపిస్తున్నవ్ అన్నవ్, అందులో యూజర్ లైన్ ఉందా చూడు, లేకుంటే అదీ రూట్ మీదనే నడుస్తుంటది. ఇక నుంచి నువ్వు చేత్తో ఆర్టిజన్ (లారవెల్ కమాండ్) కొట్టినా సుడో -యూ అపాచీ అని ముందర పెట్టి కొట్టు. క్యాష్ క్లియర్ చేద్దామని రూట్‌తో ఒక్కసారి కొడితే చాలు, ఎక్కడో ఒక మూలకు రూట్ పేరుతో ఒక ఫైలు కూసుంటది, పది రోజులకు కరుస్తది.

టైమ్‌జోన్‌ను ఏషియా/కోల్‌కతా చేస్తే పోతదా అని అడుగుతవేమో. పోదు, ఐదున్నరకు వచ్చే బాధ రాత్రి పన్నెండింటికి వస్తది అంతే. పైగా ఇప్పటిదాక డేటాబేస్‌లో యూటీసీతో పడ్డ టైమ్‌లు అట్లనే ఉంటయి, పాత చిట్టీలు, కొత్త చిట్టీలు లెక్కలో కలవవు. సీజన్ అయినంక తీరికగా చూసుకో.

777 గురించి నా సొంత గోస ఒకటి చెప్పాలె. పని కొత్తలో దేవరకొండ రోడ్డు మీద ఒక విత్తనాల దుకాణం లెక్కల సర్వర్ నా చేతిలో ఉండె. రాత్రి పదకొండింటికి సుడోతో సీహెచ్‌మాడ్ -ఆర్ 777 కొట్టి పాత్ రాస్తుంటే స్లాష్‌కు, వార్‌కు మధ్యల ఒక స్పేస్ పడ్డది. అంటే 'వార్ కింది ఫోల్డర్‌కు' అని కాదు, 'స్లాష్‌కు, అంటే మొత్తం సర్వర్‌కు' అని అయింది. తీసేసే కమాండ్ ఆర్‌ఎం అయితే స్లాష్ మీద కొడితే చెయ్యనని ఆగిపోతది, సీహెచ్‌మాడ్ ఆగదు. ఎందుకో ఆలస్యమైతుందని కంట్రోల్ సీ కొట్టేసరికే అయిపోయింది. సుడో మళ్ల కొడితే, సెట్‌యూఐడీ బిట్ (రూట్ హక్కుతో నడిపించే గుర్తు, 777 దాన్ని తుడిచేసింది) లేదు పో అన్నది. ఇంకో కిటికీలోంచి లాగిన్ అయితమంటే ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ చేయించేది) తన తాళాల ఫైళ్లు అందరికీ బార్లా తెరిచి ఉన్నయని వాటిని నమ్మలేదు, లోపలికి రానియ్యలేదు. తెల్లారిందాక రెస్క్యూ మోడ్‌లో కూసొని డేటాబేస్ బయటికి తీసి కొత్త సర్వర్ కట్టిన. పొద్దుగాల దుకాణం తెరిచేసరికి నడిచింది, వాళ్లకు ఇప్పటికీ తెల్వదు. ఎక్కువ హక్కు ఇస్తే అన్నీ నడుస్తయనుకుంటం గని, ఎస్‌ఎస్‌హెచ్, సుడో అసొంటివి హక్కు ఎక్కువైతేనే పని ఆపేస్తయి.

ఇప్పుడు నువ్వు కొట్టిన 777లన్నీ వెనక్కి తియ్యాలె. కోడ్ మొత్తం నీ యూజర్ పేరు మీద, గ్రూపు అపాచీ. సీఎస్‌ఎస్, బొమ్మల ఫైళ్లను చదివి పంపేది ఎన్‌జిన్‌ఎక్స్ కాబట్టి దాని యూజర్‌ను కూడా అపాచీ గ్రూపులో కలిపి దాన్ని రీస్టార్ట్ చెయ్యి. ఫోల్డర్లు 750, ఫైళ్లు 640. వెబ్‌కు కోడ్ చదివే హక్కు చాలు, రాసే పని లేదు. సెట్టింగులుండే డాట్ ఈఎన్‌వీ ఫైలు కూడా అందులోనే, అది కూడా ఇన్ని రోజులు 777 లోనే ఉండె, అందులో డేటాబేస్ పాస్‌వర్డ్ ఉంది. ఫోల్డర్లకు వేరు, ఫైళ్లకు వేరు కొట్టాలంటే ఫైండ్ కమాండ్‌లో -టైప్ డీ, -టైప్ ఎఫ్ వాడు. సీహెచ్‌మాడ్‌లో పెద్ద ఎక్స్ పెడితే ఫోల్డర్లకే పడ్తది కదా అని షార్ట్‌కట్ తొక్కకు. 777 కొట్టిన ఫైళ్లకు ఆల్రెడీ ఎక్స్ ఉంది, పెద్ద ఎక్స్ వాటిని అట్లనే ఉంచుతది.

వెబ్ నుంచి రాసే చోట్లు మూడే: స్టోరేజ్, బూట్‌స్ట్రాప్ కింది క్యాష్, /డేటా/చిట్టీలు. మొదటి రెండూ అపాచీ పేరు మీద పెట్టి ఫోల్డర్లకు 2775 ఇయ్యి. ముందరి 2 ఎందుకంటే లోపల ఎవరు కొత్త ఫైలు పుట్టించినా గ్రూపు అపాచీయే అయితది. కంపోజర్ (లైబ్రరీలు తెచ్చే టూల్) నీ యూజర్‌తో నడిచి బూట్‌స్ట్రాప్ క్యాష్‌లో రాస్తది, కాబట్టి నిన్ను అపాచీ గ్రూపులో కలుపుకో. కలిపినంక లాగౌట్ అయి మళ్ల రా, లేకుంటే పాత గ్రూపులతోనే ఉంటవ్. ఇదే రూల్ సర్వీసులకూ ఉంది, ఎవరినన్నా గ్రూపులో కలిపి ఎఫ్‌పీఎం రీస్టార్ట్ చెయ్యకుంటే దానికి తెల్వదు. చిట్టీల ఫోల్డర్ మాత్రం అపాచీ అపాచీ, 750. చిట్టీలో రైతు పేరు, బరువు, రేటు ఉంటయి, లింకు దొరికినోడల్లా చూసుడు మంచిది కాదు. ఫొటోను లాగిన్ చూసుకొని పీహెచ్‌పీ ద్వారానే చూపియ్యి. అప్పుడు ఎన్‌జిన్‌ఎక్స్‌కు ఆ ఫోల్డర్‌తో పనే లేదు. ఒక్కొక్క యూజర్‌కు వేరు హక్కు ఇచ్చే సెట్‌ఎఫ్‌ఏసీఎల్‌తో కూడా ఇదంతా చెయ్యొచ్చు, నేను ఇద్దరు ముగ్గురు యూజర్లు దాటితేనే దాని జోలికి పోత. నీకు అక్కర లేదు.

ఇంకా కొన్ని ఉంటయి, చూసేటందుకు పర్మిషన్ బాధ లెక్కనే కనిపిస్తయి, కాదు. ఎర్రర్ మాటను మొత్తం చదివే అలవాటు చేసుకో. 'పర్మిషన్ డినైడ్' వేరు, 'ఆపరేషన్ నాట్ పర్మిటెడ్' వేరు. రెండోది వచ్చి రూట్‌కు కూడా చేతకాకుంటే ఎల్‌ఎస్‌ఏటీటీఆర్ కొట్టి ఐ అక్షరం ఉందా చూడు, ఉంటే ఎవరో ఫైలును మార్చకుండ మేకు కొట్టి పెట్టిండ్రు. 'రీడ్ ఓన్లీ ఫైల్ సిస్టమ్' అంటే డిస్క్ దెబ్బతిని రీడ్ ఓన్లీగా మారిందో, సిస్టమ్‌డీ యూనిట్‌లో ప్రొటెక్ట్‌సిస్టమ్ పెట్టిండ్రో. 'నో స్పేస్ లెఫ్ట్' వచ్చి డీఎఫ్ -హెచ్‌లో జాగ కనిపిస్తే డీఎఫ్ -ఐ చూడు. సెషన్ ఫైళ్లు లక్షల్లో పడి ఐనోడ్‌లు (ఫైలుకొకటి పట్టే గడులు) అయిపోయి ఉంటయి. గుమస్తా ఫోన్ ఫొటో నాలుగైదు ఎంబీ ఉంటది, ఎన్‌జిన్‌ఎక్స్ ఏం మార్చకుంటే 1 ఎంబీ దాటనియ్యదు, 413 అంటది. పీహెచ్‌పీ 2 ఎంబీకి ఆపుతది. రెండింటినీ పెంచుకో, లేకుంటే ఇదంతా చేసినా ఫొటో ఎక్కదు, మళ్ల 777 మీదికి పోతవ్.

ఇయ్యాల రాత్రికే క్రాన్ మార్చి, లాగ్ ఫోల్డర్‌లో రూట్ పేరు మీద ఉన్నవన్నీ అపాచీ పేరుకు సీహెచ్‌ఓన్ చేసి, /డేటాకు ముద్ర వేసి పండుకో. రేపు ఐదున్నరకు లేవకు. ఆరింటి లారీ వచ్చినంక లాగ్ ఫోల్డర్ ఎల్‌ఎస్ -ఎల్ కొట్టి ఇక్కడ పెట్టు. కొత్త ఫైలు మీద ఇంకా రూట్ అనే ఉంటే సూపర్‌వైజర్ కాన్ఫిగ్ కూడా పెట్టు, పాస్‌వర్డ్‌లు తీసేసి.